పాత కారు అడుగున నాలుగు రంధ్రాలు

ఇక్కడ సాధారణంగా మధుమేహం గురించో, రక్తపోటు గురించో, వేసవి వడదెబ్బ గురించో రాస్తుంటాను. ఈసారి ఒక పాత కారు గురించి రాయబోతున్నాను. డాక్టరుకు కార్లతో ఏం పని అని అనుకోకండి. చివరిదాకా చదివితే ఇది కూడా ఆరోగ్య విషయమేనని మీరే ఒప్పుకుంటారు.

బెలూం గుహలు చూడటానికి వచ్చినవారికి మా కొలిమిగుండ్ల తెలిసే ఉంటుంది. నంద్యాల జిల్లా దక్షిణపు అంచున, తాడిపత్రికి దగ్గరగా ఉన్న మండల కేంద్రం. ఇక్కడ నేల తవ్వితే నాపరాయి తగులుతుంది. మా అన్న ఆ నాపబండల వ్యాపారమే చేసేవాడు. చేతిలో కాస్త డబ్బు ఆడిన తర్వాత, 1976లో, మద్రాసు వెళ్ళి ఒక పాత ఫియట్ కారు కొనుక్కొచ్చాడు. బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ కర్మాగారంలో తయారైన ఫియట్ 1100 డిలైట్ అది. తరువాతి కాలంలో ప్రీమియర్ పద్మిని అన్న పేరుతో మీరు చూసిన కారు దాదాపు ఇదే. 1089 సి.సి. ఇంజను, స్టీరింగు పక్కనే గేరు కడ్డీ, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు.

1983లో ఒక రాత్రి, తాడిపత్రి నుంచి ఇంటికి వస్తూ, ఆ కారులోనే మా అన్న ప్రమాదానికి గురై చనిపోయాడు. కారును పదిహేను రోజుల్లో బాగుచేసి తెచ్చి ఇంటి ముందు నిలిపారు. వదిన దాన్ని అమ్మనివ్వలేదు, ఎవరినీ ఎక్కనివ్వలేదు. కొట్టంలో టార్పాలిను కప్పి ఉంచింది. అలా నలభై ఏళ్ళు గడిచాయి.

ఉద్యోగ విరమణ తర్వాత నేను ఊరికి తిరిగి వచ్చాను. మా అన్న కొడుకు ఒకనాడు వచ్చి, "చిన్నాయనా, నాయన కారు బాగుచేయిస్తాను. అమ్మ ఒప్పుకుంది. నువ్వు తోడుంటావా?" అని అడిగాడు. తండ్రి పోయిననాటికి వాడికి నాలుగేళ్ళు. తండ్రికి సంబంధించిన జ్ఞాపకమంటూ వాడికి మిగిలింది ఆ కారే. కాదనలేకపోయాను.

మెకానిక్కు కొట్టానికే వచ్చి పని మొదలుపెట్టాడు. మొదటిరోజే నేను ఒక పనికి అడ్డుపడవలసి వచ్చింది. బ్రేకు డ్రమ్ములు విప్పి, లోపల పేరుకున్న దుమ్మును గాలి గొట్టంతో ఊదబోయాడు. ఆ కాలపు బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ వాడేవారు. దాని పోగులు కంటికి కనబడవు. పీల్చినప్పుడు దగ్గు కూడా రాదు. కాని ఊపిరితిత్తుల్లో చేరినవి అక్కడే ఉండిపోయి, ఇరవై ముప్పై ఏళ్ళ తర్వాత ఊపిరితిత్తులను గట్టిపరచవచ్చు, క్యాన్సరుకు కూడా దారితీయవచ్చు. అందుకే పాత బ్రేకుల దుమ్మును ఊదకూడదు, ఊడ్వకూడదు. తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటగట్టి పారేయాలి. మీ ఇంట్లో పాత బండ్లు విప్పేవారెవరైనా ఉంటే ఈ ఒక్కమాట వారికి చెప్పండి.

రెండవ రోజున సీట్లు బయటికి తీశారు. నేలమీది రబ్బరు చాప ఎత్తగానే మెకానిక్కు నన్ను పిలిచాడు. డ్రైవరు సీటు కింద, వెనుక, మొత్తం నాలుగు రంధ్రాలు ఉన్నాయి. తుప్పు తిన్న రంధ్రాలు కావు. కొలిచి, బోల్టు పట్టేలా తొలిచినవి. కిందికి దూరి చూస్తే, ప్రతి రంధ్రం అడుగున అరచేయంత మందపాటి ఇనుప పలక వెల్డింగు చేసి ఉంది. "కంపెనీ పని కాదు సార్ ఇది. ఎవరో బలం కోసం వేయించుకున్నారు" అన్నాడు.

రోగి వచ్చినప్పుడు మేము మొదట చేసేది చరిత్ర అడగడం. ఎప్పుడు మొదలైంది, అంతకుముందు ఏ జబ్బులు చేశాయి, ఏ ఆపరేషన్లు జరిగాయి అని అడుగుతాం. రోగి చెప్పలేని స్థితిలో ఉంటే ఒంటిమీది మచ్చలు చూస్తాం. ఈ కారును కూడా నేను అలాగే పరీక్షించాను. డాష్‌బోర్డు మీద, స్పీడోమీటరుకు పక్కన, మరో గుండ్రని మీటరు పెట్టడానికి కోసి, తరువాత రేకుతో మూసిన గుర్తు ఉంది. పైకప్పుకు లోపల, తలుపుల వెనుక, గొట్టపు చట్రం ఏదో బిగించి విప్పిన గుర్తులున్నాయి. తలుపు మీది రంగు గీకినప్పుడు, పైనున్న మీగడ రంగు కింద నీలం, దాని కింద తెల్లని గుండ్రని మచ్చ, ఆ మచ్చలో నల్లటి అంకె తాలూకు వంపు బయటపడ్డాయి. తలుపు మీద తెల్లని వలయంలో అంకె వేసుకునే కార్లు ఏ పనికి వాడతారో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు.

మా ఇంటి ఫియట్ ఒకప్పుడు పందెపు కారు అన్నమాట!

మద్రాసులో కొన్న కారు కాబట్టి, పందెం ఎక్కడిదో ఊహించడం కష్టం కాలేదు. మద్రాసు నుంచి నెల్లూరు వైపు వచ్చే జాతీయ రహదారిలో, రెడ్‌హిల్స్ దాటాక షోళవరం ఉంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అక్కడ విమానాలు దిగడానికి వేసిన పట్టా ఒకటి, యుద్ధం ముగిశాక ఖాళీగా పడి ఉండేది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఆ పట్టా మీదే కార్ల, మోటారు సైకిళ్ళ పందేలు నడిపింది. సంక్రాంతి దాటాక, ఎండలు ముదరకముందు జరిగే ఆ పందేలకు వేలాది జనం తరలివచ్చేవారు. గోండల్ రాజవంశీకులు విదేశీ కార్లతో వచ్చేవారు. కోయంబత్తూరు కరివర్ధన్ తాను తయారుచేసిన కార్లతో వచ్చేవాడు. విజయ్ మాల్యా ఒక పాత ఫార్ములా వన్ కారునే తెచ్చి నడిపాడు. అయితే జనం గుండెలకు దగ్గరైనవి మాత్రం వీధిలో తిరిగే ఫియట్లు, అంబాసిడర్లు, హెరాల్డులు. వాటికే కాస్త పదును పెట్టి పందెంలోకి దింపేవారు. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో కొత్త ట్రాకు వచ్చాక షోళవరం ముచ్చట ముగిసింది.

నేనూ మా అన్న కొడుకూ చెన్నై వెళ్ళాం. ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగవేశాను. పందేల వార్తల్లో గెలిచినవారి పేర్లు ఉన్నాయి కాని, ఫలానా కారు అని పట్టుకోవడానికి ఆధారమేమీ దొరకలేదు. ఆ తర్వాత, పాత విడిభాగాలకు పేరుపొందిన పుదుప్పేట వీధుల్లో రెండు రోజులు తిరిగాం. సెల్‌ఫోనులోని ఫొటోలు చూపిస్తూ అడిగినవారినల్లా అడిగాం. చివరికి ఒక దుకాణదారు, ఎనభై దాటిన ఒక మెకానిక్కు ఇంటికి దారి చెప్పాడు. ఆయనది చిత్తూరు వైపు తెలుగు.

ఇంజను ఫొటో చూపిస్తే ఆయన పెదవి విరిచాడు. తలుపు మీది అంకె చూసి, "అట్టాంటివి వంద ఉన్నాయి" అన్నాడు. అడుగున వెల్డింగు చేసిన పలకల ఫొటో చూపించగానే మాత్రం కళ్ళజోడు సర్దుకుని, ఫోను తన చేతిలోకి తీసుకున్నాడు. శస్త్రవైద్యుడు తాను వేసిన కుట్టును ఏళ్ళ తర్వాత కూడా గుర్తుపట్టగలడు. ఆయన అలాగే గుర్తుపట్టాడు. "ఇది నా చేతిపని డాక్టర్ గారూ. మూలలు గుండ్రంగా కోసి వేసేవాణ్ణి. మూల ఉంటే అక్కడ రేకు చినుగుతుంది" అన్నాడు.

ఆ రంధ్రాలు బెల్టులకోసం వేసినవి. సైన్యం వేలం వేసిన పాత విమానపు పట్టీలు కొని, రెండు భుజాల మీదుగా, నడుము చుట్టూ వచ్చేలా ఆయనే కుట్టించి బిగించాడట. తర్వాత జరిగింది ఆయన మాటల్లోనే రాస్తాను.

"ఒక ఏడాది మలుపులో టైరు పగిలి, ఆ బండి మూడు పల్టీలు కొట్టింది. మేమందరం పరుగెత్తినాం. మనిషి తలకిందులుగా పట్టీలకు వేలాడుతున్నాడు. కోసి దించినాం. లేచి నిలబడి, గడియారం పగిలిందే అని బాధపడినాడు. భుజం మీదనుంచి రొమ్ముకు అడ్డంగా నల్లటి చార ఒకటి పడింది. రెండు వారాలు ఉన్నింది, అంతే."

ఆ నల్లటి చార గురించి నేను చెబుతాను. బెల్టు ఒంటిని పట్టి ఆపినచోట పడే కమిలిన గుర్తు అది. అటువంటి చారతో వచ్చినవారిని లోపలి దెబ్బల కోసం జాగ్రత్తగా పరీక్షించాలని మాకు నేర్పుతారు. అయినా ఆ చార ఒక శుభవార్త కూడా. రొమ్ము ఎముకలను విరవవలసిన బలాన్ని ఆ పట్టీ పంచుకుంది అని దాని అర్థం.

"మరి అమ్మేటప్పుడు ఆ బెల్టులేమయ్యాయి?" అని మా అన్న కొడుకు అడిగాడు.

"కొన్నవాళ్ళే విప్పేయమన్నారు నాయనా. ఎవరో పల్లెటూరి వ్యాపారి. పక్కన చదువుకున్న కుర్రాడొకడు ఉన్నాడు."

పాఠకులారా, ఆ చదువుకున్న కుర్రాణ్ణి నేనే.

1976లో నేను కర్నూలు మెడికల్ కాలేజీలో హౌస్ సర్జన్సీ చేస్తున్నాను. కారు కొనడానికి తోడు రమ్మని మా అన్న పిలిస్తే సంబరంగా వెళ్ళాను. ఆయన నోట ఆ మాట వినేదాకా నాకు గుర్తుకు రాలేదు. విన్నాక మాత్రం ఆ షెడ్డు, ఆ గ్రీజు వాసన, సీటు మీద వేలాడుతున్న మురికిపట్టిన పట్టీలు అన్నీ కళ్ళముందుకు వచ్చాయి. "ఇవి ఎందుకన్నా, వదిన చీరలకు మరకలవుతాయి, తీయించెయ్" అన్నాను. నా మాటంటే మా అన్నకు గురి. డాక్టరు చదువుతున్న తమ్ముడు చెప్పాడు కదా అని వెంటనే విప్పించాడు.

ఏడేళ్ళ తర్వాత జరిగింది ఇది. రోడ్డు పక్కన చెడిపోయి ఆగిన ట్రాక్టరు, దాని వెనుక నాపబండల ట్రాలీ, ట్రాలీకి వెనుక దీపం లేదు. మా అన్న దగ్గరికి వచ్చేదాకా దాన్ని చూడలేదు. కారు వేగం యాభై కిలోమీటర్లకు మించి ఉండదని చూసినవారు చెప్పారు. ముందుభాగం నొక్కుకుపోయిందే తప్ప, లోపల మనిషి కూర్చునే చోటు చెక్కుచెదరలేదు. మా అన్న రొమ్ము మాత్రం స్టీరింగుకు గుద్దుకుంది. పక్కటెముకలు రెండువైపులా విరిగాయి. నేను చేరుకునేసరికి ఊపిరి పీల్చినప్పుడు రొమ్ము పైకి లేవవలసింది పోయి లోపలికి కుంగుతోంది. ఆ తర్వాత ఎక్కువసేపు లేడు. కారు పదిహేను రోజుల్లో బాగైందని ముందే చెప్పాను. ఆ కారులోని మనిషికి తగిలిన దెబ్బ ఎంత అనవసరమైనదో ఆ ఒక్క విషయమే చెబుతుంది.

బెల్టు ఉంటే బతికేవాడని ప్రమాణం చేసి చెప్పలేను. వైద్యుడు అలా చెప్పకూడదు. కాని అదే కారు, అదే సీటు, అంతకంటే ఎక్కువ వేగం, మూడు పల్టీలు. ఆ మనిషి గడియారం గురించి బాధపడ్డాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు నిద్ర పట్టలేదు.

యాభై కిలోమీటర్ల వేగంతో పోయే కారు గోడను తగిలి ఆగితే, కారే ఆగుతుంది, మీరు ఆగరు. మీ ఒళ్ళు అదే వేగంతో ముందుకు పోతూనే ఉంటుంది, స్టీరింగో అద్దమో అడ్డం వచ్చేదాకా. ఆ దెబ్బ దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడమీది నుంచి కిందపడిన దెబ్బతో సమానం. వేగం వంద అయితే దెబ్బ రెట్టింపు కాదు, నాలుగింతలు. చేతులతో డాష్‌బోర్డును పట్టుకుని ఆపుకుంటామనుకోవడం భ్రమ. బెల్టు చేసే పని రెండే. ఆగడానికి మరికొంత వ్యవధి ఇస్తుంది. దెబ్బను ఒకేచోట పడనివ్వకుండా, గట్టి ఎముకలైన తుంటి, భుజం, రొమ్ముల మీద పరుస్తుంది.

ఇదంతా పందెగాళ్ళకు కూడా మొదటినుంచి తెలిసినది కాదు. కారుకు మంటలంటుకుంటే లోపల చిక్కుకుపోవడం కంటే బయటికి విసిరివేయబడటమే మేలని ఒకప్పుడు వాళ్ళూ నమ్మేవారు. 1959లో స్వీడన్‌లోని వోల్వో కంపెనీలో ఇంజనీరు నిల్స్ బోలిన్ ఇప్పుడు మన కార్లలో ఉన్న మూడు కొనల బెల్టును రూపొందించాడు. అంతకుముందు ఆయన యుద్ధవిమానాల సీట్ల మీద పనిచేసినవాడు. ఆ పేటెంటును ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని వోల్వో వదిలిపెట్టింది. 1966లో బెల్జియంలోని స్పా పందెంలో జాకీ స్టివార్ట్ కారు ప్రమాదానికి గురైంది. పెట్రోలులో తడుస్తూ సుమారు 25 నిమిషాలు ఆయన అందులో చిక్కుకుపోయాడు. స్టీరింగు విప్పడానికి తోటి పందెగాళ్ళు ప్రేక్షకుల దగ్గర పానా అడిగి తేవలసి వచ్చింది. ఆనాటి నుంచి ఆయన భద్రతకోసం పోరాడాడు. ఫార్ములా వన్‌లో బెల్టులు తప్పనిసరి అయింది 1972లో. 1978 నుంచి సిడ్ వాట్కిన్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు పందెం మైదానంలో వైద్యవ్యవస్థను పట్టుబట్టి నిలబెట్టాడు. పందెగాళ్ళు చావులు చూసి నేర్చుకున్నారు. మనమే ఇంటి కారుకు అవసరం లేదనుకున్నాం.

మన దేశంలో కార్లకు ముందు సీట్ల బెల్టులు 1994 నుంచి తప్పనిసరి అయ్యాయి. అయినా 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని, వారిలో 16,715 మంది సీటుబెల్టు పెట్టుకోనివారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది.

ఊరికి తిరిగి వచ్చాక వదినకు అన్నీ చెప్పాను. చీరల మాట కూడా దాచలేదు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ మాట నువ్వు అనకుంటే నేనే అనేదాన్ని. అప్పుడు మనకెవరికి తెలుసు? ఇప్పుడు తెలిసింది కదా, పదిమందికి చెప్పు" అంది. ఈ వ్యాసం ఆమె మాటమీదే రాస్తున్నాను.

కారు బాగైంది. పాత రంధ్రాల దగ్గర రేకు తుప్పు పట్టినందున ఆ భాగం కోసి కొత్త పలకలు వేయించి, నాలుగు సీట్లకూ బెల్టులు పెట్టించాం. తలుపు మీది తెల్లని వలయాన్ని మా అన్న కొడుకు అలాగే ఉంచాడు. పదిహేనేళ్ళు దాటిన బండి కాబట్టి ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, రిజిస్ట్రేషను పునరుద్ధరించాకే రోడ్డెక్కించాం.

ఇక మీరు చేయవలసినవి నాలుగు మాటల్లో చెబుతాను.

వెనుక సీటులో కూర్చున్నా బెల్టు పెట్టుకోండి. చట్టం కూడా అదే చెబుతోంది. వెనుక కూర్చున్నవారు బెల్టు లేకుండా ముందుకు విసిరివేయబడితే తాము గాయపడటమే కాదు, ముందున్నవారినీ చంపగలరు. ఎయిర్‌బ్యాగు ఉంది కదా అనుకోకండి. అది బెల్టుకు తోడే గాని ప్రత్యామ్నాయం కాదు.

బెల్టు కింది పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద ఆనాలి. పై పట్టీ మెడకు తగలకుండా భుజం మధ్య నుంచి రావాలి. చంకకింద నుంచి తీసుకోకూడదు. గర్భిణులు కూడా తప్పక పెట్టుకోవాలి. కింది పట్టీ కడుపుకు దిగువన, పై పట్టీ రొమ్ముల మధ్యగా, కడుపుకు పక్కగా ఉండాలి.

పసిబిడ్డను ఒడిలో పెట్టుకుని ముందు సీటులో కూర్చోకండి. ప్రమాదంలో ఏ తల్లి చేతులూ ఆ బలాన్ని ఆపలేవు. వయసుకు తగిన సీటు కొని వెనుక బిగించండి.

ట్రాక్టర్లున్న రైతులకూ, మా నాపరాతి వ్యాపారులకూ ఒక విన్నపం. ట్రాలీ వెనుక ఎర్రని మెరుపు పట్టీలు అంటించండి. చెడిపోయి ఆగితే వెనుక ఏదైనా హెచ్చరిక పెట్టండి. ఖర్చు తక్కువ, దక్కేది ఒక కుటుంబం.

ప్రమాదం చూస్తే 108కి ఫోను చేయండి. మంట వంటి ప్రమాదం ముంచుకువస్తే తప్ప, గాయపడినవారిని మెడ వంచి లాగకండి. మంచి మనసుతో సాయం చేసినవారికి మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షను రక్షణ ఇస్తోంది, కాబట్టి భయపడి పక్కకు తప్పుకోకండి.

మీ ఇంట్లో పాత కారు ఉంటే ఒకసారి చాప ఎత్తి చూడండి. పందెపు చరిత్ర దొరకకపోవచ్చు. వెనుక సీటు సందులో ఇరుక్కుపోయిన బెల్టు మాత్రం తప్పక దొరుకుతుంది. దాన్ని పైకి లాగి, తుడిచి, ఈ రోజే వాడటం మొదలుపెట్టండి.

ఆరోగ్యంగా ఉండండి, క్షేమంగా ఇల్లు చేరండి.